మినహాయింపుతో ఒప్పందంలో చేరడం: బెంగళూరు తరగతిలో నా అనుభవం

నేను బెంగళూరులో ఒక బ్యాంకులో, నిబంధనల అమలు చూసే విభాగంలో పనిచేస్తున్నాను. మా ఊరు ప్రొద్దుటూరు. కొత్తగా ఖాతా తెరిచేవారి పేర్లను ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఆంక్షల జాబితాతో సరిపోల్చడం, అనుమానాస్పద లావాదేవీల నివేదికలు తయారుచేసి ఢిల్లీలోని ఆర్థిక నిఘా విభాగానికి పంపడం, లావాదేవీల రికార్డులు ఐదేళ్లపాటు భద్రంగా ఉండేలా చూడడం నా రోజువారీ పనులు. ఈ ఐదేళ్ల గడువు మన మనీలాండరింగ్ నిరోధక చట్టంలో ఉన్న సంగతి మా విభాగంలో అందరికీ తెలుసు. అదే గడువు 1999 డిసెంబరు 9న ఐరాస సర్వప్రతినిధి సభ ఆమోదించిన ఉగ్రవాద నిధుల నిరోధక ఒప్పందం 18వ అధికరణంలోనూ ఉందన్న విషయం నాకు ఒక శిక్షణ తరగతిలో తెలిసింది. న్యూయార్క్‌లో దేశాలు కూర్చుని రాసుకున్న వాక్యం మా బ్రాంచిలో ఫైలు మీద వేసే తేదీ దాకా ఏ దారిన వస్తుందో తెలుసుకోవాలన్న కోరికతో, నగరంలోని ఒక న్యాయ కళాశాల ఉద్యోగస్థుల కోసం సాయంత్రాలు నడిపే అంతర్జాతీయ న్యాయం డిప్లొమాలో చేరాను.

ఆ డిప్లొమాలో చివరి భాగం పరీక్ష కాదు, ఒక అభ్యాసం. తరగతిని జట్లుగా విడదీసి, ఒక్కో జట్టును ఒక్కో ఊహాదేశపు విదేశాంగ శాఖగా నియమించి, నిజంగా అమలులో ఉన్న ఒక ఉగ్రవాద వ్యతిరేక ఒప్పందంలో ఆ దేశాన్ని మొదటి నుంచి చివరి దాకా చేర్పించాలి. మంత్రివర్గానికి నోటు, చేరిక పత్రం, మినహాయింపు ప్రకటన (అంటే ఒప్పందంలోని ఫలానా నియమానికి మేము కట్టుబడమని చెప్పే కాగితం), ఇతర దేశాల అభ్యంతరాలకు జవాబు, అన్నీ నిజమైన పత్రాల పద్ధతిలోనే ఉండాలి. ఒప్పంద పత్రాలను భద్రపరిచే ఐరాస సెక్రటరీ జనరల్ పాత్రను మా ఆచార్యులే పోషిస్తారు. ఆయన బళ్ళారి వారు. పాఠం ఇంగ్లీషులో చెప్పినా, మా జట్టు దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగేవారు. మా జట్టులో ముగ్గురమూ తెలుగువాళ్లమే. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడి సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న ఒక యువ న్యాయవాది నన్ను అక్కా అని పిలిచేవాడు. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నౌకాదళ విశ్రాంత అధికారిని మేమిద్దరం సార్ అనేవాళ్లం. తరగతి అయ్యాక మల్లేశ్వరంలో ఒక దర్శిని ముందు నిలబడి కాఫీ తాగుతూ మేము చేసిన వాదనలే మా పత్రాలకు అసలైన ముసాయిదాలు.

మాకు ఇచ్చిన ఒప్పందం ఉగ్రవాద బాంబుదాడుల నిరోధక ఒప్పందం. సర్వప్రతినిధి సభ దాన్ని 1997 డిసెంబరు 15న ఆమోదించింది. 1998 జనవరి 12 నుంచి 1999 చివరి దాకా సంతకాలకు తెరిచి ఉంచింది. ఇరవై రెండు దేశాలు ధ్రువీకరించాక 2001 మే 23న అది అమలులోకి వచ్చింది. భారతదేశం 1999 సెప్టెంబరు 17న సంతకం చేసి, అదే నెల 22న ధ్రువీకరించింది. ఇలాంటి ఒప్పందాలలో దేశాలు చేరే వేగాన్ని ఎక్కువగా నిర్ణయించేది బయటి సంఘటనలే. నిధుల నిరోధక ఒప్పందాన్ని 2001 సెప్టెంబరు 11 నాటికి ధ్రువీకరించినవి నాలుగే దేశాలు. ఆ నెల 28న భద్రతామండలి 1373వ తీర్మానంతో అన్ని దేశాలనూ ఈ ఒప్పందాలలో చేరమని కోరిన తరువాత, ఏడాది తిరగకుండానే 2002 ఏప్రిల్‌లో అదీ అమలులోకి వచ్చింది. ఇవాళ ప్రపంచంలో దాదాపు అన్ని దేశాలూ అందులో ఉన్నాయి. ఆ తొందరలో చేరిన దేశాలు ఏయే షరతులు పెట్టి చేరాయన్నదే మా అభ్యాసానికి అసలు విషయం.

మా ఊహాదేశపు వివరాలు ఒక కాగితం మీద ఉన్నాయి. మధ్యస్థాయి దేశం, పొరుగు దేశంతో పాత సరిహద్దు తగాదా, మరో ప్రాంతంలో జరుగుతున్న విముక్తి పోరాటానికి దేశంలోని పార్టీల మద్దతు, ఒప్పందంలో చేరాలని అప్పులిచ్చే సంస్థల ఒత్తిడి. మంత్రివర్గం ఆదేశం కూడా ఆ కాగితంలోనే ఉంది: చేరాలి, కాని అంతర్జాతీయ న్యాయస్థానం జోక్యానికి ఒప్పుకోకూడదు, విముక్తి పోరాటాలు ఈ ఒప్పందం కిందికి రావని ఒక ప్రకటన చేయాలి. మా ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఈ రెండూ మేము రాయవలసిందే.

దేశం లోపల జరగవలసిన పని త్వరగానే ముగిసింది. ఆచార్యులు భారతీయ పద్ధతినే అనుసరించమన్నారు. మన రాజ్యాంగంలో విదేశాలతో ఒప్పందాలు చేసుకునే అధికారం కేంద్ర జాబితాలో 14వ అంశం. 73వ అధికరణం ప్రకారం కార్యనిర్వాహక శాఖ ఆ పని చేస్తుంది గనుక పార్లమెంటు ముందస్తు ఆమోదం అవసరం లేదు. ఒప్పందాన్ని అమలు చేయడానికి చట్టం కావలసి వస్తే, విషయం రాష్ట్ర జాబితాలో ఉన్నదైనా సరే, 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయవచ్చు. పోలీసు వ్యవస్థ రాష్ట్రాలదే అయిన దేశంలో ఉగ్రవాదం మీద ఒప్పందం చేసుకోవడానికి ఈ అధికరణం ఎంత అవసరమో మంత్రివర్గ నోటు రాసేటప్పుడు అర్థమైంది. ఖాట్మండులో 1987 నవంబరులో సార్క్ దేశాలు కుదుర్చుకున్న ఉగ్రవాద నిరోధక ఒప్పందానికి మన దేశంలో చట్టం 1993లో వచ్చింది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం 15వ సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ మరో దారి చూపుతుంది: రెండో షెడ్యూలులో పేర్కొన్న ఒప్పందాల కింద నేరమైనదేదైనా ఇక్కడ ఉగ్రవాద చర్యే. ఒప్పందాల పేర్లను షెడ్యూలులో చేర్చుకుంటూ పోయే ఈ పద్ధతి మా న్యాయవాదికి బాగా నచ్చింది. మా ఊహాదేశానికి కూడా అదే రాశాం.

అసలు కష్టం మినహాయింపుల దగ్గర మొదలైంది. అయితే మొదటిది, అంటే న్యాయస్థానానికి సంబంధించినది, చట్టపరంగా సులువే. ఒప్పందం 20వ అధికరణం మొదటి పేరా ప్రకారం, ఒప్పందం అర్థం మీదగాని, అమలు మీదగాని రెండు దేశాల మధ్య వచ్చిన వివాదం చర్చలతో తేలకపోతే మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. మధ్యవర్తుల ఏర్పాటు మీద ఆరు నెలల్లో అంగీకారం కుదరకపోతే ఎవరైనా అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టవచ్చు. రెండో పేరా ఈ బాధ్యతను వద్దనుకునే హక్కును దేశాలకు స్పష్టంగా ఇచ్చింది. భారతదేశం ఆ హక్కును వాడుకుంది. ఈ ఒక్క ఒప్పందంలోనే కాదు, దౌత్యవేత్తల రక్షణ ఒప్పందంలో 1978లో చేరినప్పుడు, బందీల నిర్బంధ నిరోధక ఒప్పందంలో 1994లో చేరినప్పుడు కూడా ఇటువంటి ప్రకటనే చేసింది. అమెరికా, చైనా కూడా బాంబుదాడుల ఒప్పందంలో ఇదే షరతుతో చేరాయి. పెద్ద దేశాలు ఉగ్రవాదం మీద ఎంత గట్టిగా మాట్లాడినా, తీర్పరిని ఒప్పుకునే సరికి ఎలా వెనుకాడతాయో ఈ ఒక్క అధికరణానికి వచ్చిన ప్రకటనలు వరసగా చదివితే తెలుస్తుంది.

మా న్యాయవాది ఈ మినహాయింపు కోసం ఒక పెద్ద పేరా రాసుకొచ్చాడు. సార్వభౌమత్వం, జాతీయ గౌరవం, ద్వైపాక్షిక సంప్రదాయం అన్నీ అందులో ఉన్నాయి. ఆచార్యులు ఎర్ర పెన్సిల్ తీసుకుని పేరా మొత్తానికీ అడ్డంగా ఒక గీత గీసి, కింద ఒకే వాక్యం రాశారు: 20వ అధికరణం రెండో పేరాను అనుసరించి, అదే అధికరణం మొదటి పేరాకు ఈ ప్రభుత్వం కట్టుబడి ఉన్నట్లు భావించడం లేదు. 'కోర్టులో వాదించేటప్పుడు కారణాలు చెప్పు నాయనా, ఇక్కడ చెప్పకు. నువ్వు చెప్పిన ప్రతి కారణాన్నీ రేపు ఎవరో ఒకరు నీ మీదికే తిప్పుతారు' అన్నారు. భారతదేశం చేసిన ప్రకటన కూడా ఒకే వాక్యం. ఒప్పందం ఇచ్చిన హక్కును వాడుకుంటున్నామని చెప్పడానికి అంతకు మించి అవసరం లేదు.

ఆ రెండో పేరాలోనే మరో సగం ఉంది. ఇలా మినహాయించుకున్న దేశం విషయంలో మిగతా దేశాలు కూడా మొదటి పేరాకు కట్టుబడవు. అంటే నన్ను న్యాయస్థానానికి లాగవద్దని ఒక దేశం అంటే, ఆ దేశం కూడా మరెవరినీ ఈ ఒప్పందం కింద న్యాయస్థానానికి లాగలేదు. రాసేటప్పుడు మామూలు నియమంలా కనిపించిన ఈ సగం వాక్యం చివరికి మా జట్టును రెండుగా చీల్చింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

రెండో ప్రకటన, విముక్తి పోరాటాల గురించినది, పూర్తిగా వేరే జాతిది. దీనికి నమూనాను మేము ఊహించుకోనక్కరలేకపోయింది. పాకిస్తాన్ 2002 ఆగస్టు 13న ఇదే ఒప్పందంలో చేరుతూ, విదేశీ ఆక్రమణకు లేదా ఆధిపత్యానికి వ్యతిరేకంగా స్వయంనిర్ణయాధికారం కోసం సాగే పోరాటాలకు, సాయుధ పోరాటంతో సహా, ఈ ఒప్పందంలోనిదేదీ వర్తించదని ప్రకటించింది. నిధుల నిరోధక ఒప్పందం విషయంలో జోర్డాన్, ఈజిప్టు, సిరియా కూడా ఆక్రమణకు వ్యతిరేకంగా చేసే పోరాటాన్ని, నేరమేదో నిర్వచించే రెండో అధికరణం పరిధి నుంచి తప్పించాలని ఇటువంటి మాటలే చెప్పాయి. ఈ వాదనను తేలికగా కొట్టిపారేయడం సరికాదని నౌకాదళ అధికారి మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. ఒప్పందం 19వ అధికరణం యుద్ధ సమయంలో సైన్యాలు చేసే పనులను దీని పరిధి నుంచి తీసేసి యుద్ధ నియమాలకు వదిలిపెట్టింది. అలాంటప్పుడు ఆ సైన్యంతో పోరాడే వాళ్లు మాత్రమే ఈ ఒప్పందం కింద ఉగ్రవాదులు ఎలా అవుతారన్నది ఇస్లామిక్ సహకార సంస్థ దేశాల ప్రశ్న. భారతదేశం 1996లో ప్రతిపాదించిన ఉగ్రవాదంపై సమగ్ర ఒప్పందం ఇప్పటికీ ముసాయిదాగా మిగిలిపోవడానికి ముఖ్యమైన కారణాలలో ఈ ప్రశ్న ఒకటి. సైన్యాలు అన్న చోట పోరాడే పక్షాలు అని ఉండాలని ఒక వర్గం, కూడదని మరో వర్గం.

అయినా ఈ ప్రకటన రాస్తుంటే మాకే ఇబ్బందిగా ఉండింది. ఒప్పందం 5వ అధికరణం, సాధారణ ప్రజలను భయభ్రాంతులను చేసే ఉద్దేశంతో చేసిన పనులను రాజకీయ, తాత్త్విక, సైద్ధాంతిక, జాతిపరమైన, మతపరమైన కారణాలేవీ సమర్థించలేవని చెబుతోంది. ఆశయం ఏదైనా బస్టాండులో బాంబు పెట్టడం నేరమేనన్నది ఈ ఒప్పందపు ప్రాణం. ఆశయం మంచిదైతే ఒప్పందం వర్తించదన్నది ఆ ప్రకటన సారం. 'వ్రతం చేస్తాను గాని ఉపవాసం మాత్రం ఉండనన్నట్టుంది' అని నౌకాదళ అధికారి నవ్వారు. 1977లో స్ట్రాస్‌బర్గ్‌లో కుదిరిన ఐరోపా ఉగ్రవాద నిరోధక ఒప్పందం, ఫలానా నేరాన్ని రాజకీయ నేరంగా భావిస్తే నిందితుణ్ణి అప్పగించకుండా ఉండేందుకు 13వ అధికరణంలో తానే వీలు కల్పించింది. బాంబుదాడుల ఒప్పందం అటువంటి వీలు ఇవ్వలేదు; పైగా 11వ అధికరణంలో రాజకీయ నేరమన్న సాకుతో అప్పగింతను నిరాకరించరాదని తేల్చి చెప్పింది. ఈ రెండు ఒప్పందాల మధ్య ఇరవై ఏళ్లలో వచ్చిన మార్పును వెనక్కి తిప్పే పనే మా మంత్రివర్గం మాకు అప్పజెప్పింది.

పేరు మార్చి గండం గట్టెక్కుదామని మా న్యాయవాది ఒక ఉపాయం చెప్పాడు. దీన్ని మినహాయింపు అనకుండా వివరణ ప్రకటన అందామన్నాడు. కాని దేశాల మధ్య ఒప్పందాలకు నియమాలు చెప్పే 1969 నాటి వియన్నా ఒప్పందం రెండో అధికరణం, పేరేదైనా సరే, ఒప్పందంలోని నియమాల చట్టబద్ధ ప్రభావాన్ని తొలగించే లేదా మార్చే ఏకపక్ష ప్రకటన మినహాయింపే అంటుంది. చిత్రమేమిటంటే భారతదేశం ఆ వియన్నా ఒప్పందంలో సభ్యురాలు కాదు. అయినా అందులోని ముఖ్య నియమాలు ఆచారసిద్ధ న్యాయంగా అందరికీ వర్తిస్తాయి గనుక, పాకిస్తాన్ ప్రకటన మీద 2003లో అభ్యంతరం చెప్పినప్పుడు భారత ప్రభుత్వం ఈ తర్కాన్నే ఆశ్రయించింది. అది నిజానికి మినహాయింపేననీ, ఒప్పందపు లక్ష్యానికీ ఉద్దేశానికీ విరుద్ధమనీ, 5వ అధికరణానికి పొసగదనీ చెప్పింది. అమెరికా, బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, ఇజ్రాయెల్, జపాన్, ఆస్ట్రేలియా వంటి అనేక దేశాలు కూడా అభ్యంతరాలు పంపాయి. లక్ష్యం, ఉద్దేశం అన్న ఈ కొలబద్ద జాతినిర్మూలన నిరోధక ఒప్పందం మీద అంతర్జాతీయ న్యాయస్థానం 1951 మే 28న ఇచ్చిన సలహా అభిప్రాయం నుంచి వచ్చింది. అప్పుడు కూడా న్యాయమూర్తులు ఏడుగురు ఒక వైపు, ఐదుగురు మరో వైపు ఉన్నారు.

పత్రాలు సమర్పించే రోజు కాస్త నాటకీయంగా గడిచింది. ఆచార్యులు బల్ల మీద ఒక రిజిస్టరు, తేదీ ముద్ర పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కో జట్టూ వెళ్లి చేరిక పత్రం ఇవ్వాలి. ఆయన ముందుగా చూసేది సంతకం. దేశాధినేత, ప్రభుత్వాధినేత, విదేశాంగ మంత్రి, ఈ ముగ్గురిలో ఒకరి సంతకం ఉండాలి. మినహాయింపు ప్రకటన వేరే కాగితం మీద ఉంటే దాని మీద కూడా ఉండాలి. ఒక జట్టు రాయబారి సంతకంతో తెచ్చిన ప్రకటనను ఆయన రిజిస్టరులో ఎక్కించకుండానే వెనక్కి ఇచ్చారు. మరో జట్టు మొదట సంతకం చేసినప్పుడు పెట్టిన మినహాయింపును ధ్రువీకరణ పత్రంలో మళ్లీ చెప్పకుండా వదిలేసింది. సంతకం నాటి మినహాయింపును ధ్రువీకరణ నాడు ఖాయం చేయకపోతే అది చెల్లదు గనుక, ఆ దేశం ఏ షరతూ లేకుండా చేరినట్టే నమోదైంది. వాళ్లు ఎంత బతిమాలినా ఆయన తేదీ ముద్ర చెరపలేదు. ఆలస్యంగా మినహాయింపు ఇవ్వాలనుకుంటే అన్ని సభ్యదేశాలకూ తెలియజేసి, పన్నెండు నెలల్లో ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పకపోతేనే స్వీకరిస్తామన్నారు. ఐరాసలో పాటించే పద్ధతీ అదే. మా పత్రం మొదటిసారే నమోదైంది. సమర్పించిన ముప్పయ్యో రోజున ఒప్పందం మా దేశానికి అమలులోకి వస్తుందని ఆయన రిజిస్టరులో రాశారు.

మినహాయింపు ఒప్పందపు ఉద్దేశానికి విరుద్ధమైనదని తెలిసి కూడా ఎందుకు తీసుకున్నారని నేను అడిగాను. 'అమ్మా, నేను గుమాస్తాను, జడ్జిని కాను. వచ్చింది రాసుకుంటాను, అందరికీ తెలియజేస్తాను, అంతే' అన్నారు. ఈ వ్యవస్థలోని అసలు లోటు ఇక్కడే ఉందని నాకనిపించింది. కేంద్రంలో కూర్చుని ఈ మినహాయింపు చెల్లదని తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదు. మిగతా దేశాలు ఒక్కొక్కటిగా అభ్యంతరం చెప్పుకోవాలి, పన్నెండు నెలల్లో చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అనుకోవాలి. మా బ్యాంకులో ఒక ఖాతాదారు ఫారంలోని నిబంధన కొట్టివేసి సంతకం పెడితే ఖాతాయే తెరవం.

మా ప్రకటన మీద అభ్యంతరాలు వరుసగా వచ్చాయి. వాటిని చదవడం ఈ అభ్యాసంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. చాలా జట్లు నిజమైన దేశాల పద్ధతిలోనే రాశాయి: మీ ప్రకటన నిజానికి మినహాయింపే, ఒప్పందపు ఉద్దేశానికి విరుద్ధం, మేము అభ్యంతరం చెబుతున్నాం, అయితే ఇందువల్ల మీకూ మాకూ మధ్య ఒప్పందం అమలుకు ఆటంకం లేదు. చదవడానికి ఘాటుగా ఉన్నా, ఈ మాటల వల్ల ఆచరణలో ఏం మారుతుందో తేల్చడం కష్టం. ఒక జట్టు మాత్రం ఒక అడుగు ముందుకు వేసి, ఒప్పందం మీ మినహాయింపు ప్రయోజనం మీకు దక్కకుండా పూర్తిగా అమలవుతుందని రాసింది. స్వీడన్, నార్వే వంటి ఉత్తర ఐరోపా దేశాలు మానవహక్కుల ఒప్పందాల విషయంలో ఇటువంటి మాట వాడాయి. ఐరాసకు చెందిన అంతర్జాతీయ న్యాయ సంఘం 2011లో ముగించిన మార్గదర్శక నియమాలు కూడా ఇంచుమించు ఇటే మొగ్గాయి: చెల్లని మినహాయింపు శూన్యం, ఆ దేశం వేరే ఉద్దేశం తెలియజేస్తే తప్ప మినహాయింపు లేకుండానే కట్టుబడినట్టు భావించాలి. అభ్యంతరమంటూ చెబితే ఇలాగే చెప్పాలన్నది నా అభిప్రాయం. ఖండించి, వెంటనే ఏమీ మారలేదని చేర్చే అభ్యంతరం రికార్డు కోసం రాసుకున్నదిగానే మిగులుతుంది.

అభ్యంతరాలకు జవాబుగా మంత్రివర్గానికి మేము రెండో నోటు రాయాలి. పోరాటాల ప్రకటనను ఉపసంహరించుకోవాలన్న సిఫారసు మీద ముగ్గురమూ ఒకటే మాట. ఆ ప్రకటన ఉన్నంతకాలం, పొరుగు దేశం మా నిందితుణ్ణి అప్పగించకుండా ఇది విముక్తి పోరాటమంటే మేము నోరెత్తలేం. ఇలాంటి ఒప్పందంలో నిఖార్సుగా చేరడం వల్ల ఏం దక్కుతుందో చూపడానికి మా న్యాయవాది అబూ సలేం వ్యవహారాన్ని నోటులో పెట్టాడు. 1993 ముంబయి పేలుళ్ల కేసులో నిందితుడైన సలేం పోర్చుగల్‌లో దొరికినప్పుడు ఆ దేశంతో మనకు నేరస్థుల అప్పగింత ఒప్పందం లేదు. అటువంటి ఒప్పందం లేనప్పుడు బాంబుదాడుల ఒప్పందాన్నే అప్పగింతకు ఆధారంగా తీసుకోవచ్చని 9వ అధికరణం చెబుతుంది. 2002 డిసెంబరులో కేంద్రం అప్పగింత చట్టం కింద ఒక నోటిఫికేషన్ ఇచ్చి, ఆ అధికరణం ఆధారంగా పోర్చుగల్‌ను చట్టం పరిధిలోకి తెచ్చింది. మరణశిక్షగాని, 25 ఏళ్లకు మించిన జైలుగాని ఉండదని అప్పటి ఉపప్రధాని ఎల్.కె. ఆడ్వాణీ పోర్చుగల్‌కు హామీ ఇచ్చారు. 2005 నవంబరులో సలేం భారతదేశానికి వచ్చాడు. ఆ హామీని ప్రభుత్వం నిలబెట్టుకోవాలని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. 20వ అధికరణం మీద మన మినహాయింపు ఈ వ్యవహారంలో ఎక్కడా అడ్డు రాలేదు. తీర్పరిని వద్దనడం వేరు, నియమాన్ని వద్దనడం వేరు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

కాని న్యాయస్థానం మినహాయింపును ఉంచాలా, తీసేయాలా అన్న దగ్గర మాకు పొసగలేదు. తీసేయాలన్నది నా వాదన. పాకిస్తాన్ ప్రకటన చెల్లదని భారతదేశం చెప్పింది సరే, ఆ మాట నిజమో కాదో తేల్చమని ఈ ఒప్పందం కింద న్యాయస్థానాన్ని అడిగే దారిని 20వ అధికరణం రెండో పేరాలోని ఆ రెండో సగం మనకే మూసేసింది. గూఢచారి అంటూ పాకిస్తాన్ మరణశిక్ష వేసిన భారతీయుడు కులభూషణ్ జాధవ్ విషయంలో, వివాదాలను న్యాయస్థానానికి తీసుకెళ్లనిచ్చే కాన్సులర్ సంబంధాల ఒప్పందపు ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో రెండు దేశాలూ ఉండబట్టే 2017లో మనం హేగ్‌లోని ఆ న్యాయస్థానానికి వెళ్లగలిగాం, 2019 జూలై 17న అనుకూలంగా తీర్పు తెచ్చుకోగలిగాం. నిధుల నిరోధక ఒప్పందంలోని ఇటువంటి అధికరణం ఆధారంగానే ఉక్రెయిన్ 2017లో రష్యా మీద కేసు వేసింది. 2024 జనవరి 31న న్యాయస్థానం చాలా ఆరోపణలను తోసిపుచ్చినా, అందిన సమాచారం మీద దర్యాప్తు చేయవలసిన బాధ్యతను రష్యా ఉల్లంఘించిందని తేల్చింది.

నౌకాదళ అధికారి దీనికి ఒప్పుకోలేదు. 1999 ఆగస్టు 10న కచ్ దగ్గర పాకిస్తాన్ నౌకాదళ విమానం అట్లాంటిక్‌ను మన వాయుసేన కూల్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోమన్నారు. పాకిస్తాన్ వెంటనే హేగ్‌కు వెళ్లింది. కామన్‌వెల్త్ దేశాలతో వివాదాలను మినహాయిస్తూ భారతదేశం ముందే పెట్టుకున్న షరతు నిలబడినందువల్ల, 2000 జూన్ 21న తనకు ఆ కేసు వినే అధికారం లేదని న్యాయస్థానం 14–2 మెజారిటీతో చెప్పింది. 'అమ్మా, ఎక్కడ ఏ ప్రోటోకాల్‌లో ఉండాలో ఎంచుకునే వీలు మన చేతిలో ఉండాలి. అన్ని ఒప్పందాలకూ ముందే తలూపేస్తే, మనం వేయదలచిన కేసుల కన్నా మన మీద వచ్చే కేసులే ఎక్కువవుతాయి' అన్నారు. న్యాయవాది మొదట నా వైపు ఉన్నాడు. ఈ మాట విన్నాక కాసేపు కాఫీ గ్లాసు తిప్పుతూ కూర్చుని, 'అక్కా, మన్నించు, క్లయింటుగా చూస్తే సార్ చెప్పిందే నయం' అని అటు జరిగాడు. ఇద్దరి వాదనలోనూ బలముందని ఒప్పుకుంటాను. అయినా ఉగ్రవాదానికి ఇంతమంది బాధితులున్న దేశం తన ఫిర్యాదును వినిపించే చోటును తానే తగ్గించుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రెండో నోటు అందుకే రెండు భాగాలుగా వెళ్లింది. పోరాటాల ప్రకటనను ఉపసంహరించుకోవాలన్నది ఏకగ్రీవ సిఫారసు; 20వ అధికరణం మినహాయింపును కొనసాగించాలన్నది మెజారిటీ సిఫారసు, దాని కింద నా భిన్నాభిప్రాయం ఒక పేరా. మంత్రివర్గం పాత్రలో ఉన్న మరో అధ్యాపకురాలు రెండింటినీ ఆమోదించారు. ఉపసంహరణ పత్రాన్ని విదేశాంగ మంత్రి సంతకంతో మా ఆచార్యులకు అందించాం. ఉపసంహరణ ఇతర దేశాలకు అందిన నాటి నుంచే చెల్లుతుంది గనుక ఆయన ఆ రోజే అన్ని జట్లకూ నోటిఫికేషన్ పంచారు. మా మీద అభ్యంతరం చెప్పిన జట్లలో రెండు తమ అభ్యంతరాలను కూడా వెనక్కి తీసుకున్నాయి; మిగతావారు ఇక అవసరం లేదనుకుని ఊరుకున్నారు. 20వ అధికరణం మూడో పేరా ప్రకారం అలాంటి మినహాయింపును ఏ దేశమైనా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు గనుక, మా దేశపు ఫైలును నా పేరాతో సహా వచ్చే బ్యాచ్‌కు అప్పగిస్తామని, ఆ బ్యాచ్ మొదటి పని దాని మీద కొత్త నోటు రాయడమేనని ఆచార్యులు చెప్పారు.